ఫర్హాబాద్ దాకా పోయి, వాపస్

నల్లమలలో ఫర్హాబాద్ గుట్ట అంచున నిలబడి కింద లోయ చూసొచ్చానని రెండేళ్లుగా చెబుతూ వచ్చాను. చూడలేదు. నాతో వచ్చిన మా బామ్మర్ది తిమ్మప్ప భయపడి సగంలోనే వెనక్కి తిరిగాడని కూడా చెప్పాను. తిరిగింది నేను. నన్ను ఒంటరిగా వదలడం ఇష్టం లేక వాడు నా వెంట తిరిగాడు.

ఈ రెండు మాటలూ దాచి ఆ ప్రయాణం గురించి ఎన్నిసార్లు మాట్లాడానో నాకే తెలియదు. గద్వాలలో మా వీధి టీ హోటల్ దగ్గర కూర్చునేవాళ్లకు నా లోయ వర్ణన నోటికొచ్చేసింది. వాళ్లలో కొందరు ఇది చదువుతారు. నల్లమల ఎన్నడూ చూడనివాళ్లూ చదువుతారు. అందరికీ ఈసారి జరిగింది జరిగినట్టు చెబుతాను.

గద్వాల

మాది చేనేత ఇల్లు. నేను మగ్గం గుంతలోంచి లేచి చాలా ఏళ్లయింది. మావాళ్లు నేసిన చీరలు మూటగట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతాను. ఆ ఏడు మార్గశిరంలో వనపర్తిలో ఒక బట్టల దుకాణానికి, నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లింటికి చీరలు ఇవ్వాల్సి ఉంది. నాగర్‌కర్నూల్ దాకా పోయాక నల్లమల ఎంత దూరం? అచ్చంపేట దాటితే కొండలే. పని ముగించుకుని ఒక పూట అడవిలోకి పోయి, గుట్ట మీద నాలుగడుగులు నడిచి, చల్లగాలి పీల్చి వద్దామని మనసులో పడింది.

మా ఇళ్లలో మొక్కు లేకుండా ఎవరూ కొండకు పోరు. శ్రీశైలం పోతూ బస్సు కిటికీలోంచి నల్లమల చూస్తారు, అంతే. ఊరికే చూడడానికి కొండకు పోవడం మా వీధిలో నేనే మొదలుపెడుతున్నానని కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వంతోనే టీ హోటల్‌లో అందరికీ ముందే చాటుకున్నాను. అదే నా కొంప ముంచింది.

నెల రోజులు కనబడినవాళ్లనల్లా దారి అడిగాను. ఎంత తెలుసుకుంటే అంత భయం పెరిగింది. శ్రీశైలం బస్సు నడిపే డ్రైవరు, రాత్రయితే ఆ రోడ్డు మీద బండ్లు పోనివ్వరని చెప్పాడు. ఒక లారీ క్లీనరు ఎలుగుబంటి రోడ్డు దాటుతుంటే చూశానన్నాడు. ఇంకొకాయన కొన్నేళ్ల కింద ఆ అడవిలో తుపాకులు పేలిన రోజులు గుర్తుచేసి, "ఇప్పుడు గంత లేదులే" అన్నాడు. కాస్త ఆగి "అనుకుంట" అన్నాడు. ఆ "అనుకుంట" నన్ను నిద్రపోనివ్వలేదు. కానీ చాటింపు అయిపోయింది కదా, ఎట్లా మానుకుంటాను?

రెండో మూట మోయడానికి రాజోలి నుంచి తిమ్మప్పను పిలిచాను. వాడు మా ఆవిడ జయమ్మకు తమ్ముడు, తుంగభద్ర ఒడ్డున నేతపని. పొద్దంతా జానెడు దూరంలో పోగులు చూసి చూసి కళ్లు గుంజుతున్నాయని ఆ మధ్యే కర్నూలులో చూపించుకున్నాడు. డాక్టరు అద్దాలు రాసి, అప్పుడప్పుడు దూరం చూడమన్నాడట.

"ఎంత దూరం సూడాలె సారూ అంటే, ఎంత అగుపడితే అంత అన్నడు బావ. మా ఇంట్ల ఏముంటది? ఎదురింటి గోడ," అన్నాడు తిమ్మప్ప. "నువ్వు చెప్పే గుట్ట మీదికెళ్లి ఎంత దూరం అగుపడ్తది?"

"నీ కండ్లు అలిసేదాంక," అన్నాను. నేనూ చూసింది లేదు.

వాడి ముఖం వెలిగింది. నాకు ఆ ప్రయాణం గొప్ప కోసం. వాడికి కళ్ల కోసం. అది అప్పుడే నాకు తెలుసు.

జయమ్మ రొట్టెలు మూటగడుతూ సణిగింది. "మొక్కు లేదు, ముడుపు లేదు. గుట్ట ఎందుకు ఎక్కుడు? కాళ్లు దురద పెడ్తున్నయా? మా తమ్ముడు నీ ఎంబడి కండ్లు మూసుకొని వస్తడు. జర పైలం."

వనపర్తి

పొద్దున ఉగ్గాని తిని బస్సెక్కాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే మా గద్వాలలో తెల్లవారినట్టు కాదు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుంటే తిమ్మప్ప కొత్త అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని నదిని చూశాడు. నేను మూటలు చూసుకుంటూ కూర్చున్నాను.

వనపర్తి దుకాణం సేటు చీరలన్నీ ఒక్కొక్కటే విప్పించాడు. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట వేళ్లతో పట్టి గుంజి చూస్తారు. ఒక చీరకు ఆ కలిసేచోట పోగు తేలింది. సేటు దాన్ని పక్కకు తోశాడు.

"గిది వాపస్."

మా వ్యాపారంలో దీనికి మించిన చెడ్డ మాట లేదు. దుకాణందారు తిప్పి పంపిన చీర వాపస్ చీర. అది ఏ మగ్గం మీదిదో బజారంతా తెలుస్తుంది. ఒకటి వాపస్ వస్తే ఆ మనిషి నేసిన తర్వాతి చీరను దీపం పెట్టి వెతుకుతారు. ఆ రోజు వాపస్ వచ్చిన చీర మా ఇంటి మగ్గం మీదిదే, జయమ్మ నేసింది. తిమ్మప్ప నేసినవి సేటు ఒక్కసారి తడిమి లోపల పెట్టించాడు. వాడి చీర వాపస్ రావడం నేను ఎన్నడూ ఎరగను.

నా ముఖం చూసి తిమ్మప్ప ఆ చీరను గబగబా మడిచి మూట అడుగున పెట్టేశాడు. "ఏం కాదు బావ, అక్కకు తెల్వనియ్యకు," అన్నాడు.

సేటు మాకు టీ తెప్పించాడు. చిన్న గాజు గ్లాసు, మూడు రూపాయలు. మా దగ్గర రెండే. నల్లమల పోతున్నామంటే నవ్వాడు. "అడివికా? ఏం మొక్కు?"

"మొక్కు లేదు. ఊకనే సూడనీకె."

"ఊకనే అడివికి ఎవరు పోతరయ్య? పని లేనోడన్న పోవాలె, పోలీసోడన్న పోవాలె. పైలంగ పోండ్రి."

ఒక్కరోజులో ఇద్దరు పైలం, జాగ్రత్త అన్నారు. నాగర్‌కర్నూల్ బస్సులో అదే మాట నా చెవుల్లో తిరుగుతూ ఉంది.

నాగర్‌కర్నూల్

పెళ్లింటివాళ్లు మంచివాళ్లు. పెళ్లికూతురి నాయనమ్మ చీర కొంగు చెంపకు ఆనించుకుని చూసింది. మా వైపు ఆడవాళ్లు చేత్తో చూస్తారు, ఇక్కడ చెంపతో చూస్తారని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉండమన్నారు.

జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు. ఇంటామె ఐదో రొట్టె వేయబోతే తిమ్మప్ప పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "సాకమ్మా, సాకు" అన్నాడు.

ఆమె నిలబడిపోయింది. "సాకా? ఏం సాకు నాయనా? తిననీకె కూడ సాకులు జెప్తరా మీ దిక్కు?"

నేను నవ్వి సర్దిచెప్పాను. మా అత్త రాయచూరు వైపు ఆడపడుచు. కన్నడంలో సాకు అంటే చాలు అని. ఆమె పిల్లలు మాటల మధ్య ఆ ఒక్క కన్నడపు మాట వదలరు. జయమ్మ కూడా కోపం వస్తే నాతో "సాకు సాకు" అంటుంది. అది చాలు అనడమో, నేను చెప్పేది సాకు అనడమో పెళ్లయిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు.

"అట్లనా! నేను ఇంక కూర బాగలేక సాకు జెప్తుండు అనుకుంటి," అని ఆమె నవ్వి ఐదో రొట్టె వేయనే వేసింది. తిమ్మప్ప తిన్నాడు.

తెల్లవారి బస్టాండు హోటల్‌లో ఉగ్గాని ఉందా అని అడిగాను. హోటలాయన చెయ్యి తుడుచుకుంటూ, "ఉగాదా? ఇంక నాలుగు నెలలున్నది గదనే," అన్నాడు. పూరీ తిన్నాం. నాకు సగం కూడా దిగలేదు. తిమ్మప్ప నాది కూడా ముగించాడు.

అచ్చంపేట, మన్ననూరు

అచ్చంపేట దాటాక కొండలు ఎదురొచ్చాయి. అంతదాకా మా కళ్లకు అలవాటైన బోడ గుట్టలు కావు. మబ్బు కిందికి దిగి వరుసగా కూర్చున్నట్టు నీలంగా ఉన్నాయి. తిమ్మప్ప కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాడు.

మా ముందు సీటులో ఒకామె గంపలో కోడిపెట్టతో కూర్చుంది. మన్ననూరులో కూతురింటికి పోతోందట. నోరు ఊరుకోక ఆమెనూ అడిగాను.

"అవ్వా, ఈ అడివిల పులి ఉంటదంటరు, నిజమేనా?"

"ఎందుకుండదు? దాని ఇల్లే గదా అది."

"రోడ్డు మీదికి వస్తదా?"

"మనం దాని ఇంటికి పోతలేమా? అది రావొద్దా?" అని గంపలో కోడిని సర్దుకుంది. "నువ్వు గంత పరేషాన్ గాకు బిడ్డా. నిన్ను తిని అదేం జేసుకుంటది? ఒంట్లె కండ లేదు."

బస్సంతా నవ్వింది. తిమ్మప్ప కూడా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ నా చేతిలో టికెట్టు తడిసిపోయింది.

మన్ననూరులో దిగగానే కోతులు. నేను అరటిపండ్ల సంచి గుండెకు హత్తుకుని నిలబడితే, అవి నన్ను వదిలేసి తిమ్మప్ప కళ్లద్దాలు లాక్కుపోయాయి. ఒకటి హోటల్ రేకుల మీద కూర్చుని అద్దాల కాడ కొరుకుతోంది. ఆ అద్దాలు పోతే వాడు మగ్గం మీద పోగు చూడలేడు. హోటలామె తాపీగా ఒక మిరపకాయ బజ్జి తీసి రేకుల మీదికి విసిరింది. కోతి అద్దాలు వదిలి బజ్జి అందుకుంది. అద్దం మీద ఒక గీత పడింది, అంతే.

"బజ్జికి రూపాయి," అంది హోటలామె. "అద్దాలకు ఏమొద్దు."

అక్కడ అడవి చూపించే జీపు దొరికింది. మనిషికి ముప్ఫై రూపాయలు. కల్వకుర్తి నుంచి వచ్చిన దంపతులు, వాళ్లతో చేతికర్ర పట్టిన ఒక ముసలామె అప్పటికే ఎక్కి కూర్చున్నారు. మూట ఎక్కడ పెట్టాలో తెలియక నాతోనే జీపులో పెట్టుకున్నాను. అందులో మిగిలింది ఆ వాపస్ చీర ఒక్కటే.

ఫర్హాబాద్ దారి

అటవీశాఖ గేటు దాటాక మట్టి బాట. రెండు పక్కలా మనిషెత్తు ఎండుగడ్డి, దాని వెనుక చెట్లు. ఎండ నేల దాకా దిగడం లేదు. మా ఊరి ఎండకు అలవాటైన ఒళ్లు, పట్టపగలు అంత చలి ఏమిటని బెదిరింది. మగ్గాల చప్పుడులో పుట్టిన చెవులు నావి. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. జీపు చప్పుడు ఆగితే ఏమవుతుందో అని కూర్చున్నాను.

కాసేపటికి ఆగనే ఆగింది. బాటకు అడ్డంగా ఒక పెద్ద చెట్టు పడి ఉంది.

"ఇంగ నడుసుడే," అన్నాడు డ్రైవరు దిగి. "దూరమేం లేదు. గా మూల తిరిగితే మల్ల ఇంకో మూల. అది తిరిగితే గుట్ట అంచే."

అందరం దిగాం. చెట్టు దాటాం. తిమ్మప్ప అందరికంటే ముందున్నాడు. గడ్డి మోకాళ్లను రాసుకుంటోంది. మొదటి మలుపు తిరిగాం. అప్పుడు పైన చెట్ల మీద కొండముచ్చు ఒకటి ఖక్ ఖక్‌మని అరిచింది. ఇంకొకటి అందుకుంది.

"ఎందుకట్ల అరుస్తున్నయి?" అన్నాను.

"ఏదో జంతువును సూసినయి," అన్నాడు డ్రైవరు. "మనకేం కాదు, గుంపుల ఉన్నం గదా. నడువుండ్రి."

నేను ఆగిపోయాను. గడ్డి ఊగిన ప్రతిచోటా ఏదో ఉన్నట్టే ఉంది. ముసలామె కర్ర టకటకలాడించుకుంటూ నన్ను దాటి పోయింది. ఆమె వీపు చూస్తూ కూడా నా కాలు ముందుకు పడలేదు.

"తిమ్మప్పా," అని పిలిచాను. "మూట జీపుల ఇడ్సిపెట్టినం. ఎవడన్న ఎత్తుకపోతే?"

వాడు వెనక్కి వచ్చాడు. "ఈ అడివిల ఎవరున్నరు బావ ఎత్తుకపోనీకె? పులి కట్టుకుంటదా గద్వాల సీర? అదీ వాపస్ సీర!"

"నవ్వులాట గాదు. నేను పోత. నువ్వు పో, సూసిరా."

వాడు నవ్వడం ఆపి నా చేతుల వైపు చూశాడు. అవి వణుకుతున్నాయి. దాచుకోవాలని కూడా నాకు తోచలేదు. ఎదురుగా రెండో మలుపు కనబడుతోంది. దాని అవతల చెట్లు లేవు, ఆకాశం ఉంది. వాడు ఆ వైపు ఒకసారి చూశాడు.

"సాకు బావ," అన్నాడు. "పా, పోదాం."

చాలు అన్నాడో, అది సాకు అన్నాడో నాకు తెలియలేదు. అడగలేదు. జీపు దాకా వాడు నా మోచెయ్యి పట్టుకునే నడిచాడు.

జీపులో కూర్చుని మూట ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి మిగతావాళ్లు తిరిగొచ్చారు. ముసలామె రొప్పుతూ నా పక్కన కూలబడింది. తిమ్మప్ప ఆమెను అడిగాడు, "ఎట్లున్నదమ్మ?"

"ఏం జెప్పాలె బిడ్డా! పచ్చసీర జాడిచ్చి, పిండకుండనే పరిసినట్టున్నది. మడతలు మడతలు. ఆ కొసకు చెరువులు మెరుస్తున్నయి. దేవుడు కనబడతడనుకొని వస్తి, ఆయన బట్టలు కనబడె."

"ఎంత దూరం అగుపడ్తదమ్మ?"

"నా కండ్లకు కొంచెమే. నీ అసంటోనికి ఎంతన్న అగుపడ్తది. పోకపోతివి?"

తిమ్మప్ప నా వైపు చూడలేదు. అద్దాలు తీసి ఆ గీత పడిన చోట పంచె కొంగుతో తుడిచాడు. ఎంత తుడిచినా పోని గీత అది.

మళ్లీ బీచుపల్లి

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఒక్కటే. బీచుపల్లి వంతెన రాకముందే తిమ్మప్ప నన్ను కిటికీ సీటు అడిగాడు. ఇచ్చాను. నదిని ఇటు కొస నుంచి అటు కొస దాకా చూసి, "గీడ కూడ మంచిగనే అగుపడ్తది దూరం," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని నాకు తెలుసు. ఆ మాటకు జవాబుగా ఒక్క మాట చెప్పాల్సింది. మూట సర్దుకున్నాను.

వాడు ఎర్రవల్లి చౌరస్తాలో దిగి రాజోలి వైపు పోయాడు. నేను గద్వాల వచ్చాను.

టీ హోటల్ దగ్గర నా కోసమే కూర్చున్నట్టున్నారు. "ఏమే, సూసినవా గుట్ట?" అని ఒకడు. "పులి ఏమన్నది?" అని ఇంకొకడు. నెల రోజులు చాటుకున్నవాణ్ని. చూశానన్నాను. ముసలామె పచ్చచీర తీసి వాళ్ల ముందు పరిచాను. చెరువులకు జరీ అంచు అన్న మాట మాత్రం నేను కలిపాను. అందరూ నోళ్లు తెరిచి విన్నారు. అంతటితో ఊరుకోవచ్చు. ఎవరో "మరి తిమ్మప్ప?" అన్నారు.

"వాడా? కొండముచ్చు అరిసెటాలకు సగంలనే వాపస్!"

హోటల్ ఘొల్లుమంది. బామ్మర్దిని ఆటపట్టించడం మా దిక్కు బావల హక్కు. అందుకే ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ ఆ పూట అనిపించలేదు. ఆ సాయంత్రానికే వాడు వాపస్ తిమ్మప్ప అయ్యాడు. మా వీధిలో పేరు పెడితే అది మనిషి కంటే ముందు నడుస్తుంది. నూలు మూటలతో రాజోలికి పోయింది. వారం తిరగకముందే జయమ్మకు తెలిసింది.

"మా తమ్ముడు పిరికోడా?" అని అడిగింది.

"నవ్వులాటకు అన్నలే."

"వాడు ఫోన్ల ఏమన్నడో ఎరికేనా? బావ అన్నడు గదా, అననియ్యక్కా అన్నడు."

ఆమె అంతకంటే అడగలేదు. నేను చెప్పలేదు. పండుగలకు తిమ్మప్ప వచ్చేవాడు, ఆ పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు, నవ్వేవాడు. ఒక్కసారైనా అసలు సంగతి చెబుతాడేమోనని నేనే వాడి నోటి వైపు చూస్తూ భయపడేవాణ్ని. రెండేళ్లు అట్లా గడిచాయి. అడవిలో నేను భయపడింది కాసేపే.

రాజోలి, ఆపైన గద్వాల

మొన్న తుంగభద్ర పొంగింది. అలంపూర్, రాజోలి నీళ్లలో మునిగాయి. నీళ్లు తీశాక నేను రాజోలి పోయాను. తిమ్మప్ప ఇంట్లో మగ్గం గుంత నిండా ఒండ్రు. మగ్గం కర్రలు ఎక్కడికి పోయాయో తెలియదు. వాడు, మరదలు, పిల్లలు బడిలో తలదాచుకుంటున్నారు. గద్వాలలో ఎవరి మగ్గం మీదైనా పని దొరికితే చాలన్నాడు. నేనే వెంటబెట్టుకుని, పట్టు, నూలు ఇచ్చి చీరలు నేయించే మా వీధి షావుకారు దగ్గరికి తీసుకొచ్చాను.

షావుకారు చిన్నవాడు. తండ్రి పోయాక కొత్తగా గద్దె మీద కూర్చున్నాడు. ఆ పొద్దున నేసిన చీరలు తెచ్చినవాళ్లు అరుగు మీద నలుగురైదుగురు ఉన్నారు. నేను విషయం చెప్పాను. షావుకారు తిమ్మప్పను చూశాడు.

"వాపస్ తిమ్మప్ప అంటే నువ్వేనా?"

"నేనే," అన్నాడు తిమ్మప్ప.

"ఏమనుకోకు అన్నా. వరద కష్టం నాకు ఎరికే. కాని నాది పెండ్లిండ్ల మాలు. మాలు వాపస్ వచ్చెటోనికి పట్టు ఎట్లియ్యాలె?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ పేరు ఎట్లా పుట్టిందో అతనికి తెలియదు. చీరలు వాపస్ వస్తాయి కాబట్టే ఆ పేరనుకున్నాడు. తిమ్మప్ప ముఖం పాలిపోయింది. పిరికివాడంటే రెండేళ్లు నవ్వుతూ మోశాడు. పని రానివాడు అనిపించుకోవడం ఇదే మొదలు.

"వాని సీర ఎన్నడూ వాపస్ రాలేదు," అన్నాను.

"మరి ఆ పేరెందుకొచ్చింది?"

అరుగు మీదివాళ్లు నవ్వడానికి సిద్ధమయ్యారు. కథ వాళ్లకు తెలుసు, నా నోట విన్నదే. నేను వాళ్ల వైపు చూశాను. అంతలో తిమ్మప్పే అందుకున్నాడు.

"అదేం లేదన్నా. నల్లమల గుట్టకు పోతే నేను జర భయపడి..."

నన్ను కాపాడుతున్నాడు. పిల్లలు బడిలో నేల మీద పడుకుంటుంటే, చేతిలో పని లేకపోతే, ఇంకా నన్నే కాపాడుతున్నాడు.

"అబద్ధం," అన్నాను. "భయపడ్డది నేను. వాపస్ అయింది నేను. లోయ సూడలే. మీకు జెప్పిందంత జీపుల ఒక ముసలామె జెప్పింది. వీడు ఒక్క మూల తిరిగితే సూస్తుండె. నా చేతులు వణుకుతుంటే సూసి నా ఎంబడి తిరిగిండు. ఆ దినం మూటల వాపస్ సీర ఉండె, అది నా ఇంటి మగ్గం మీదిది. వీనిది గాదు."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దమనిషి ఇంకొకరి వైపు తిరిగి మెల్లగా, "మరి ఆ జరీ అంచు?" అన్నాడు.

"అది నేను కలిపిన," అన్నాను.

"అయితే వాపస్ నువ్వన్నమాట," అన్నాడు షావుకారు నాతో.

"నేనే."

లోపలికి కేకేసి తిమ్మప్పకు పట్టు, నూలు కొలిపించాడు. ఎవరి ఇంట్లో మగ్గం ఖాళీగా ఉందో కూడా చెప్పాడు.

మూట నేను మోస్తానన్నాను. తిమ్మప్ప ఇవ్వలేదు. ఇద్దరం వీధిలో నడిచాం. రెండు పక్కలా మగ్గాలు ఆడుతున్నాయి. అరుగు మీద నేను చెప్పింది షావుకారుకు చెప్పిన మాట. తిమ్మప్పతో చెప్పాల్సింది అట్లాగే ఉంది. మలుపు దగ్గర ఆగాను. వాడూ ఆగాడు.

"తిమ్మప్పా, నీకు ఆ పేరు పెట్టింది నేను."

"సాకు బావ," అన్నాడు వాడు, నేల వైపు చూస్తూ. "సాకింగ."

"సాలదురా," అన్నాను. "పేరొక్కటే గాదు. నువ్వు కండ్ల కోసం వస్తివి. నా భయానికి నిన్ను అంచు దాంక పోనియ్యలే. ఇంటికొచ్చి నా భయం నీ మీద ఏసిన. రెండేండ్లు నువ్వు మోసినవ్, నేను సూసుకుంట ఊకున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్."